గొంతు మెత్తగ, అడుగు గట్టిగ

మొన్న మా కోడలు నన్ను కరీంనగర్‌లో చెవుల డాక్టరమ్మ దగ్గరికి పట్టుకుపోయింది. పట్టుకుపోయింది అంటే నిజంగానే చెయ్యి పట్టుకుని, ఎందుకంటే నేను టీవీ సౌండు పెంచితే వాడ వాడంతా వార్తలు వినాల్సి వస్తోందని నలుగురూ ఆమెతో మొత్తుకున్నారట. డాక్టరమ్మ అంటే మా మనవరాలి ఈడు పిల్ల. నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, కూత వినపడ్డప్పుడల్లా వేలెత్తమంది. ఎడమ చెవికి వేలు లేస్తూనే ఉంది, కుడి చెవి వంతు వచ్చేసరికి బాగా గట్టి కూతకు తప్ప వేలు ఒళ్ళోంచి లేవలేదు. ఆ పిల్ల కాగితం మీది గీతలు చూసి, ఇది వయసు మీద వచ్చిన చెవుడు కాదు తాతా, ఎప్పుడో ఒక్కసారిగా పెద్ద చప్పుడు తగిలిన చెవి, ఏం పని చేసేవారని అడిగింది. సైట్లో రాళ్ళు పగలగొట్టే మిషన్ దగ్గర డ్యూటీ చేసి పోగొట్టుకున్నానని ఇంట్లో యాభై ఏళ్ళుగా చెబుతున్న అబద్ధం ఒకటుంది, అదే నాలుక చివరికి వచ్చింది కానీ, ఆ పిల్ల మొహం చూస్తే ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. తుపాకి అన్నాను. మా కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

నా ఈడు వాళ్ళకైతే ఇంత ఆశ్చర్యం అక్కర్లేదు. డెబ్బయ్యో దశకంలో బొంబాయి దాకా రైల్లో పోయి, అక్కడ ఓడెక్కి మస్కట్‌లో దిగిన మనవాళ్ళు ఏయే పనులకు తగులుకున్నారో మీకు నేను చెప్పేదేముంది, తాపీ పని తెలియనివాడు మేస్త్రీ అయ్యాడు, గొర్రెలు కాసినవాడు వంటవాడయ్యాడు. నేను రోడ్డు కంపెనీలో కూలీగా పోయినవాణ్ణి. పుట్టుకకు మాత్రం కంచరి ఇంటివాణ్ణి. మా నాన్న, మా తాత బిందెలు, గంగాళాలు, చెంబులు కొట్టినవాళ్ళు, ఊళ్ళోకి స్టీలు, సత్తు గిన్నెలు వచ్చి పడ్డాక మా కొలిమిలో నిప్పు నెలకు నాలుగు రోజులు కూడా మండలేదు. నాన్న ఒకరోజు సుత్తులన్నీ గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టి, ఇక నీ దారి నువ్వు చూసుకొమ్మన్నాడు.

మస్కట్ నుంచి సోహార్ పోయే దారిలో రోడ్డు పని చేస్తుండగా బర్కా దగ్గర ఒక పెద్దమనిషి ఖర్జూరం తోటలో నీళ్ళ పంపు చెడింది. ఇత్తడి బిళ్ళ ఒకటి పగిలి, కొత్తది మస్కట్ నుంచి వచ్చేదాకా చెట్లు ఎండాల్సిందే అని తోటవాళ్ళు తల పట్టుకుంటే, నేను మధ్యాహ్నం తిండి విరామంలో పోయి ఆ బిళ్ళను కాల్చి, అతికి, ఆకురాయితో రాకి పెట్టాను, పంపు నడిచింది. ఆ పెద్దమనిషి, అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు, కంపెనీవాళ్ళతో మాట్లాడి నన్ను తన తోటకు తెచ్చుకున్నాడు. అట్లా నేను పారా తట్టా వదిలి మళ్ళీ ఇత్తడిలో పడ్డాను.

మా అర్బాబ్‌కు తోట ఎంత ఇష్టమో తుపాకులంటే అంతకు రెండింతలు. అక్కడ మగవాళ్ళకు నడుముకు బాకు, గోడకు తుపాకి లేకపోతే ఇల్లు ఇల్లు కాదు. అందరిళ్ళలోనూ ఉండేవి తాతలనాటి పాత తుపాకులు, ఒక్కొక్క తూటా పెట్టి, చేత్తో మూసి కాల్చేవి. మా అర్బాబ్ దగ్గర మాత్రం కాగితాలన్నీ సరిగ్గా ఉన్న పెద్ద గొట్టం రైఫిలు ఒకటి విదేశం నుంచి వచ్చింది. దానికి ఒకసారి తూటాలు అందించామంటే చాలు, మీట నొక్కిన ప్రతిసారీ తానే పేల్చి, పేలిన తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని తానే కక్కి, కొత్త తూటాను తానే మింగేది. అంత లావు తూటాలు ఆ ఊళ్ళో కాదు, మస్కట్‌లో కూడా దొరికేవి కావు, ఓడ మీద రావాలంటే నెలలు పట్టేది. అందుకని పేల్చిన ఖాళీ గొట్టాలనే ఏరుకొచ్చి, మళ్ళీ నింపి వాడుకునే ఏర్పాటు తోటలోనే ఉండేది.

ఆ ఏర్పాటంతా ఒక్క మనిషే, మా ఉస్తాద్. హైదరాబాద్ పాతబస్తీ ముసల్మాను, అరవై దాటినవాడు, పెద్ద పెద్దవాళ్ళ వేట తుపాకులు బాగుచేసే దుకాణంలో చిన్నప్పటినుంచీ పనిచేసి, ఆ దుకాణం మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. ఉర్దూ ఎంత తియ్యగా మాట్లాడేవాడో మన తెలంగాణ తెలుగు అంత గడుసుగా మాట్లాడేవాడు. నన్ను ఒక్కరోజు కూడా పేరుతో పిలవలేదు, కంచరి ఇంటివాణ్ణని తెలిసిన మొదటి గంటలోనే పీతల్ సాబ్ అని పేరు పెట్టాడు, అంటే ఇత్తడి దొర. పని సరిగ్గా చేస్తే ఆ పేరులో ముద్దు వినపడేది, తప్పు చేస్తే అదే పేరు చెంపదెబ్బలా తగిలేది.

మొదట్లో నా డ్యూటీ ఖోకాలు ఏరడం. ఖాళీ గొట్టాలను ఉస్తాద్ ఖోకాలనేవాడు. ఆ రైఫిలు వాటిని పక్కనే పడేసే రకం కాదు, ఆరడుగుల దూరం విసిరికొట్టేది, అవి రాళ్ళమీద పడి మూతులు సొట్టపోయేవి, ఇసుకలో కూరుకుపోయేవి. అయిదు పేలిస్తే అయిదూ దొరికేదాకా ఉస్తాద్ అన్నం ముట్టనిచ్చేవాడు కాదు. తర్వాత వాటిని కడిగి, ఆరబెట్టి, అచ్చులో వేసి నొక్కి మళ్ళీ పాత కొలతకు తేవడం కూడా నాకు అప్పగించాడు. మందు పొయ్యడం, అడుగున మందుకు నిప్పంటించే టోపీ బిగించడం మాత్రం ఆయనే. ఆ వేళకు నన్ను గడప అవతలే నిలబెట్టేవాడు, తనతో మాట్లాడనిచ్చేవాడు కాదు, చివరికి తుమ్మొచ్చినా బయటికి పోయి తుమ్మాల్సిందే.

పాత తుపాకుల ఖోకాలకు మూతి ఒక్కటి సరిచేస్తే సరిపోయేది, ఈ రైఫిలు ఖోకాలను మాత్రం ప్రతిసారీ నిలువెల్లా అచ్చులో నొక్కాలి. ఎందుకింత చాకిరీ అని ఒకసారి విసుక్కుంటే ఉస్తాద్ చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఎడమ చెవిలో. "పాత తుపాకిని మూసేది మన చెయ్యి. లోపల ఏదన్న అడ్డం తగిలితే చెయ్యికి ఎరుకైతది, ఆగుతది. దీన్ని మూసేది స్ప్రింగు. స్ప్రింగుకేం ఎరుక పీతల్ సాబ్? దానికి లేని చెయ్యి ఇక్కడ మనమే పెట్టాలె." ఇంకొక నియమం కూడా ఆయనకుండేది, కొత్తగా నింపిన దాంట్లోంచి మొదటి తూటా నింపిన చెయ్యే పేల్చాలి. అర్బాబ్ ఎంత తొందరపెట్టినా సరే, ముందు ఉస్తాద్ వాగు ఒడ్డుకు పోయి, బిస్మిల్లా అనుకుని, తన దవడకు ఆనించుకుని ఒకటి పేల్చాకే తుపాకి యజమాని చేతికి పోయేది. వంట చేసినామె ఉప్పు చూసినట్టే ఇదీ అనేవాడు.

నిలువెల్లా నొక్కీ నొక్కీ ఇత్తడి అలసిపోతుంది. నాలుగుసార్లు నింపేసరికి ఖోకాల మూతులు సన్నగా పగుళ్ళిచ్చేవి, పగిలినదాన్ని ఉస్తాద్ పారేసేవాడు. అట్లా పారేస్తూ పారేస్తూ ఒక ఏడు ఈద్ ముంగిటికి వచ్చేసరికి మంచివి నలభై మిగిలాయి. ఈద్‌నాడు చుట్టుపక్కల తోటలవాళ్ళంతా వాగు దగ్గర చేరి, అవతలి ఒడ్డున తెల్లరాయి పెట్టి గురి పందెం ఆడేవాళ్ళు. అంతకుముందు ఏడు మా అర్బాబ్ ఓడిపోయి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి ఈ నలభై ఖోకాలూ పందెం దాకా నిలవాలని రోజుకోసారి వచ్చి చూసిపోయేవాడు.

సరిగ్గా అప్పుడే ఉస్తాద్ తుపాకి కాగితాలేవో తిరగరాయించడానికి రెండు రోజులు మస్కట్ పోయాడు. నేను ఒక్కణ్ణే ఆ నలభై ముందేసుకుని కూర్చున్నాను, నా అతితెలివి అక్కడ నిద్రలేచింది. అలసిన ఇత్తడికి మందేమిటో కంచరి ఇంట పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? బిందె కొట్టేటప్పుడు రేకు మొండికేస్తే మా నాన్న ఏం చేసేవాడు? ఎర్రగా కాల్చేవాడు, నీళ్ళలో ముంచేవాడు, అది మళ్ళీ మైనంలా చెప్పినమాట వినేది. నేనూ అదే చేశాను. వంటింటి బొగ్గుల కుంపటి విసిరి విసిరి, నలభైనీ పటకారుతో పట్టి, అడుగు నుంచి మూతి దాకా ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాను. మసి పోయేదాకా చింతపండు పెట్టి తోమాను. అచ్చులో వేస్తే ఎప్పుడూ కిర్రుమనేవి వెన్నలా జారిపోయాయి. నాకు మా నాన్న గుర్తొచ్చి, ఇక్కడుంటే ఎంత సంతోషించేవాడో అనిపించి కళ్ళు చెమర్చాయి కూడా.

ఉస్తాద్‌కు అప్పటికే కళ్ళలో పొర మొదలైంది. తిరిగొచ్చి చూస్తే నలభై ఖోకాలు పెళ్ళికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి, కాల్చిన జాడ చింతపండుతోనే పోయింది. ఒక్క మూతీ పగల్లేదని మురిసిపోయి, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టుకున్నాడు. ఏం చేశావని అడగలేదు, అడిగి ఉంటే గొప్పగా చెప్పేవాణ్ణే. రెండు రోజులు ఆయన నింపుతుంటే మొదటిసారి గడప లోపల కూర్చుని చూశాను.

పందెం ఇంకా మూడు రోజులుందనగా, మర్నాడు పొద్దున తూటాలు పేల్చి చూద్దామనుకున్న నాటి సాయంత్రం, ఉస్తాద్ చాయ్ తాగుతూ తన పెట్టెలోంచి ఒక వస్తువు తీశాడు. రంపంతో నిలువునా రెండుగా కోసిన ఖోకా అది. నాకు పని నేర్పే రోజు వచ్చిందని ఆయన ఉద్దేశం. మూతి దగ్గర రేకు కాగితమంత పలచన, అడుగుకు పోయేకొద్దీ మందం, చిట్టచివర ముద్దగా గట్టి ఇత్తడి. "గొంతు మెత్తగ ఉండాలె, అడుగు గట్టిగ ఉండాలె. గొంతు పగిల్తే ఖోకా పోతది, అడుగు మెత్తబడితే మనిషి పోతడు. అందుకే దీని అడుగుకు నిప్పు సెగ తగలనీయొద్దని మా ఉస్తాద్ నాతోని ఒట్టు పెట్టించుకున్నడు," అన్నాడు.

చాయ్ గ్లాసు కిందపెట్టానో చేతిలోనే ఉందో తెలియలేదు. బిందెకు అడుగైతేనేం, అంచయితేనేం, అంతటా ఒక్కటే సుత్తి పడాలి కాబట్టి మా ఇంట్లో అంతా ఒక్కతీరుగా కాలుస్తాం. ఇక్కడ ఒకే గొట్టంలో రెండు స్వభావాలు కావాలని మా ఏడు తరాల్లో ఎవరికీ ఎరుక లేదు. అప్పుడే నోరు తెరిచి చెప్పేసి ఉంటే నాలుగు తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. చెప్పలేకపోయాను. అర్బాబ్ పందెం పోతుంది, నన్ను ఇంటికి పంపేస్తారు అన్న భయం ఉన్నమాట నిజమే, కానీ అసలు సంగతి అది కాదు, ఇప్పుడు దాచి ఏం లాభం. ఇత్తడి గురించి నాకు తెలియనిది లేదని ఆ మనిషి ముందు అంతకాలం కోసిన కోతలే గొంతుకు అడ్డం పడ్డాయి.

పొద్దున్నే ఉస్తాద్ కాళ్ళూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని, రైఫిలు భుజాన వేసుకుని వాగు ఒడ్డుకు బయల్దేరాడు. అర్బాబ్ అప్పటికే బండి దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఉస్తాద్ తూటాలు అందించి, తుపాకిని దవడకు ఆనించుకోబోతుంటే ఆ తెల్లగడ్డం, ఆ పొరకమ్మిన కళ్ళు చూసి ఇక నిలబడలేకపోయాను. పోయి తుపాకి మీద చెయ్యి వేశాను. ఈసారి ఖోకాలు నా చేతివి, మొదటిది నేనే పేలుస్తానన్నాను. ఆఖరి నిమిషంలో కూడా నిజం రాలేదు చూడండి, నిజానికి బదులు మొండిధైర్యం వచ్చింది. ఉస్తాద్ మొహం వెలిగిపోయింది, నా నియమం నువ్వు పట్టుకున్నావు అన్నట్టు వీపు తట్టి తుపాకి నా చేతుల్లో పెట్టాడు. చెవుల్లో దూది పెట్టుకోవడం మర్చిపోయాను. మా ఇలవేల్పును తలుచుకుని మీట నొక్కాను.

చప్పుడు ముందుకు పోవాల్సింది నా మొహంలోకి వచ్చింది. కళ్ళు తెరిచేసరికి ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాను, తూటాల పెట్టె ఊడి దూరంగా పడింది, తుపాకి కర్ర నిలువునా చీలింది, కుడి చెంపంతా సూదులు గుచ్చినట్టు మండుతోంది, కుడి చెవిలోంచి సన్నగా నెత్తురు. అందరూ నోళ్ళు ఆడిస్తున్నారు, మాటలు మాత్రం నూతిలోంచి వస్తున్నాయి. ఉస్తాద్ ముందు నా కళ్ళు రెండూ విప్పి చూశాడు, వేళ్ళు పదీ లెక్కపెట్టాడు, అల్లా అని నా తలను గుండెకు హత్తుకున్నాడు. తర్వాతే తుపాకిలో ఇరుక్కున్న ఖోకా ముక్కను పీకి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అడుగు మీద చాకు మొనతో ఒక్క గీత గీశాడు. మెత్తగా దిగిపోయింది. తలెత్తి నావైపు చూశాడు. అంతే, ఆయనకు అంతా అర్థమైపోయింది.

అర్బాబ్ పరిగెత్తుకొచ్చి ఎట్లా జరిగిందని అడిగాడు. నేను చెప్పబోయాను, ఈసారి నిజంగానే చెప్పబోయాను, ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి అదిమాడు. మందు కొలతలో నా చెయ్యి తప్పింది, ముసలికళ్ళు, నాదే తప్పు అని అరబ్బీలో తానే చెప్పాడు. అర్బాబ్ మంచివాడే, ఒక్క మాట తూలలేదు. కానీ కళ్ళు కనపడనివాడితో మందు పని చేయించడం పాపమని, ఈద్ వెళ్ళాక మర్యాదగా ఇంటికి పంపే ఏర్పాటు చేశాడు. మిగిలిన ముప్ఫైతొమ్మిదింట్లోంచి మందు తీసేసి, దాగలి మీద పెట్టి ఒక్కొక్కటీ సుత్తితో ఉస్తాదే అణగగొట్టాడు, నన్ను సుత్తి ముట్టనివ్వలేదు. నేను పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "ఎడ్వకు పీతల్ సాబ్. నా కండ్లు ఎట్లనూ పోతున్నయి, ఇయ్యాల కాకుంటే రేపు పంపిస్తుండిరి. నీకు చేతులున్నయి," అన్నాడు, అంతకుమించి ఆ ఊసే ఎత్తలేదు.

ఆయన బయల్దేరిన రోజు పొద్దున తోటవాళ్ళంతా బండి చుట్టూ చేరారు. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. బండి కదలబోతుండగా ఉస్తాద్ తల బయటికి పెట్టి, నా మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరకు లాక్కుని, చెవిలో ఏదో చెప్పాడు. ఒక్క మాట కాదు, నిదానంగా, నిలిపి నిలిపి, చాలాసేపు చెప్పాడు. ఆయన మీసం నా కుడి చెవికి తగలడం తెలుస్తోంది, ఊపిరి వెచ్చదనం తెలుస్తోంది, మాట ఒక్కటీ తెలియలేదు, ఆ చెవిలో అప్పటికి తుమ్మెద రొద తప్ప ఏమీ లేదు. మళ్ళీ చెప్పమంటే చెవి పూర్తిగా పోయిందని తెలిసి ఆయన ఎంత బాధపడతాడో అనుకుని, అన్నీ విన్నట్టు తల ఊపాను. ఆయన తృప్తిగా వెనక్కి వాలి కూర్చున్నాడు. బండి వెళ్ళిపోయింది.

మూడేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాద్‌లో దిగి, పాతబస్తీ గల్లీలన్నీ తిరిగి ఇల్లు పట్టుకున్నాను. ఉస్తాద్ అప్పటికి ఏడాది కిందటే పోయాడు. ఆయన కొడుకు నన్ను చాపమీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, మా అబ్బా మిమ్మల్ని ఎప్పుడూ తలుచుకునేవాడు, పీతల్ సాబ్‌కు చెప్పాల్సిన మాట చెప్పి వచ్చిన, నాకు రంది లేదు అనేవాడు, అదేమి మాటో మీరన్నా చెప్పండి అని అడిగాడు. ఏదో పని గురించేనని బొంకి, లేచి వచ్చేశాను.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ తోటలోనే పంపులు బాగుచేస్తూ గడిపాను. మా అర్బాబ్ మళ్ళీ నింపుడు తూటాల జోలికి పోలేదు, ఓడ మీద డబ్బాలు తెప్పించుకునేవాడు, అవి ఏ దేశంలో ఎవరు చేశారో, చేసినవాడు ఒకటి పేల్చి చూశాడో లేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అన్నీ అట్లాగే వస్తున్నాయి, మందుబిళ్ళ నుంచి గ్యాసు పొయ్యి దాకా. చేసినవాడి దవడ ముందు, వాడేవాడి దవడ తర్వాత అనే మనిషి ఈ రోజుల్లో ఉంటే వాణ్ణి చూసి నవ్వుతారు. నాకు మాత్రం ఏ వస్తువు పెట్టె విప్పినా, దీనికి ఉప్పు చూసినవాడు ఎవరబ్బా అనే అనిపిస్తుంది.

డాక్టరమ్మ ఇదంతా ఓపిగ్గా విని, అప్పుడే చూపించుకుని ఉంటే బాగుండేది తాతా అంటూ చిక్కుడుగింజంత మిషన్ ఒకటి నా కుడి చెవిలో పెట్టింది. అంతసేపూ నా కుడిపక్క మూగగా తిరుగుతున్న ఫ్యాను కిరకిర వినపడింది, బయట ఎవరో పిల్లవాడు ఏడవడం వినపడింది, మా కోడలు ముక్కు ఎగబీల్చడం కూడా వినపడింది. నేను ఆ చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఉస్తాద్ మీసం తగిలిన చోట తడుముకున్నాను. అన్నీ వినపడుతున్నాయా తాతా అని ఆ పిల్ల అడిగింది. ఆ రోజు బండి కిటికీ దగ్గర ఊపినట్టే, తల ఊపాను.